పీణ్య షెడ్డులో మా ట్రైలర్‌కి బాత్రూమ్ కట్టించాం: 790 కిలోల నుంచి 670కి

మా అమ్మ ఎక్కడికైనా బయల్దేరాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. బెంగళూరు నుంచి మదనపల్లె పోయినా అంతే, కడపలో పెళ్లికి పోయినా అంతే. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కింద కూర్చోలేదు. మేం ఆగిన బంకుల్లో కమోడ్ ఉంటే తలుపుకి గడియ ఉండదు, గడియ ఉంటే నీళ్లుండవు. కిందటేడు ఎండాకాలంలో ఇలాగే నీళ్లు మానేసి, మూత్రంలో మంట, జ్వరం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో పడుకుంది. అక్కడ సెలైన్ బాటిల్ కింద కూర్చునే నేనూ మా ఆయనా నిర్ణయించుకున్నాం, ఇక అమ్మతో ప్రయాణమంటే బాత్రూమ్ మా వెంటే రావాలని.

సామాన్లు మోసే మూసిన ట్రైలర్ ఒకటి కొన్నాం. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఒకే యాక్సిల్, అంటే రెండే చక్రాలు. ఖాళీ డబ్బా 380 కిలోలు. లాగేది మా స్కార్పియో. దీన్ని క్యాంపర్‌గా, అంటే లోపల పడుకునేలా మార్చే పని బెంగళూరు పీణ్యలోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి ఇచ్చాం. 2,40,000 రూపాయలకి ఒప్పందం, ఐదు వారాల గడువు, మొత్తం బరువు 650 కిలోలు దాటకూడదని కాగితం మీద రాసుకున్నాం. పట్టింది తొమ్మిది వారాలు. షెడ్డు పేరు రాయను. పనిలో మంచీ ఉంది, చెడూ ఉంది, రెండూ చెబుతాను.

ముందు మంచి. బాత్రూమ్ వెనక మూలలో వస్తుంది, మూడడుగులు బై రెండున్నర. దానికి ఫైబర్ పనాయన అడుగు పళ్లెం, చుట్టూ నాలుగంగుళాల అంచు, అన్నీ కలిపి ఒకే ముక్కగా పోశాడు. ఎక్కడా జాయింట్ లేదు, మూలలు గుండ్రంగా తిప్పాడు. బిగించాక డ్రైన్‌కి గుడ్డ కుక్కి, రెండు బకెట్ల నీళ్లు పోసి, ట్రైలర్ కింద పాత పేపర్లు పరిచి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే నేను వంగి ఆ పేపర్లు చేత్తో తడిమి చూశాను. ఒక్క చుక్క తడి లేదు. అడక్కుండానే అలా పరీక్ష పెట్టుకున్న పనివాణ్ని చాలా రోజులకి చూశాను. తలుపు రబ్బరు, కిటికీ సీలింగ్, వెల్డింగ్ కూడా బాగున్నాయి. రెండు వానల్లో నిలబెట్టాం, లోపలికి చెమ్మ రాలేదు. గోడల్లో వేడి లోపలికి రాకుండా 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటి గట్టి షీటు) వేశారు, ఒక్కో షీటు రెండున్నర కిలోలు కూడా ఉండదు. మధ్యాహ్నం ఎండలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక బరువు సంగతి. ఆఖరి డబ్బులు ఇచ్చేముందు కాటాకి పోదామన్నాను. తుమకూరు రోడ్డు మీద లారీలు తూచే కాటా. చీటీలో 790 వచ్చింది, అదీ ట్యాంకులో నీళ్లు పోయకుండానే. మా పని చూసిన మేస్త్రీ హిందూపురం అతను. "గట్టిగుంటాదని 18 ఎంఎం ప్లై ఏసినానక్కా, ఎన్నేళ్లైనా కదలదు" అన్నాడు. అతని మాటలో మోసం లేదు, ఇంటి కప్‌బోర్డులు చేసిన చెయ్యి అది. కానీ 8 బై 4 సైజులో 18 ఎంఎం ప్లై ఒక్కటే 35 కిలోల దాకా ఉంటుంది. బాత్రూమ్ గోడలకీ అలమరలకీ కలిపి అలాంటివి నాలుగు వేశాడు. దానికి తోడు ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ, 58 కిలోలు. రోడ్డు మీద కదిలే బండికి ఇంటి లెక్క పనికిరాదు.

ఆ రోజే కొంచెం దూరం లాగి చూశాం. 60 దాటగానే వెనక తోక ఊగడం మొదలైంది. మా ఆయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేకు తొక్కకుండా మెల్లగా సర్దుకున్నాడు. నాకు గుండె నోట్లోకి వచ్చింది. కారణం ఇంటికొచ్చాక తెలిసింది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందువైపు, హిచ్ (కారుకి తగిలించే కొక్కెం) మీద పడాలి. తక్కువైతే బండి వెనక ఊగుతుంది. మేం ట్రైలర్‌ని మట్టంగా నిలబెట్టి, ముందు ఆనించే చిన్న చక్రం కింద చెక్క పెట్టి, దాని కింద అమ్మ బరువు చూసుకునే మిషన్ పెట్టాం. 42 కిలోలు చూపించింది. అంటే 5 శాతం చిల్లర. బాత్రూమ్ వెనక, నీళ్ల ట్యాంకు స్థానం వెనక, బరువైన ప్లై వెనక, మరి ముందు ఏం మిగులుతుంది?

షెడ్డు యజమానికి ఫోటోలు, కాటా చీటీ పంపాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, అది నాకు చాలా బాధ కలిగించింది. మూడో రోజు మేమే వెళ్లి ఎదురుగా కూర్చున్నాం. చివరికి మళ్లీ చెయ్యడానికి 38,000 ఖర్చులో సగం తను పెట్టుకున్నాడు. ప్లై పీకేసి, అల్యూమినియం సెక్షన్ల మీద 3 ఎంఎం ఏసీపీ షీట్లు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేవి) బిగించారు. ఈ షీటు 12, 13 కిలోలకి మించదు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే కాబట్టి ఫ్రేముతో కలిపినా 70 కిలోలకి పైగా తగ్గింది. బ్యాటరీ మేమే ఎస్పీ రోడ్డులో 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది తెచ్చుకున్నాం, 12 కిలోలు. ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది, దీన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు. 40 లీటర్ల ట్యాంకుని యాక్సిల్‌కి ముందు, మంచం కిందకి మార్చారు. మళ్లీ కాటా: 670. నీళ్లు నింపాక హిచ్ మీద 84 కిలోలు. ఇప్పుడు 80లో కూడా తిన్నగా వస్తుంది. 20 కిలోలు ఒప్పందం దాటినా నేను సంతకం పెట్టాను.

బాత్రూమ్ లోపల పోర్టబుల్ టాయిలెట్ పెట్టాం, కింది ట్యాంకు 21 లీటర్లు. వీటిని కాగితం వాడేవాళ్ల కోసం చేశారు. మనం నీళ్లు వాడతాం. మొదటిసారి హెల్త్ ఫాసెట్ పెడితే ముగ్గురికి ఒక్కరోజుకే ట్యాంకు నిండిపోయింది. అది తీసేసి చెంబు పెట్టాం, ఇప్పుడు ఒకటిన్నర రోజు వస్తుంది. లోపల వేసేందుకు నీలం మందు కాకుండా ఎంజైమ్ మందు కొనండి, సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులకి అది హాని చెయ్యదు. నిండాక కమోడ్‌లోనే ఒంపాలి, లాడ్జీలోనో బంకులోనో అడిగి మరీ. పొలాల్లో, కాలవల్లో ఒంపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సీటు ఎత్తు తక్కువగా ఉందని కింద నాలుగంగుళాల దిమ్మ కట్టించాం. అమ్మకి పట్టుకోవడానికి గోడకి స్టీలు రాడ్ కూడా. ఆ రాడ్ వెనక ఏసీపీ ఒక్కటే ఉంటే ఊడిపోతుంది, లోపల అల్యూమినియం ప్లేటు పెట్టించి దానికి బిగించమన్నాను. మీరు కట్టించుకుంటే ఈ ఒక్క మాట మర్చిపోకండి.

ఒక విషయంలో మాత్రం షెడ్డువాళ్లతో గట్టిగానే పోట్లాడాను. వేడినీళ్లకి బాత్రూమ్‌లోనే గ్యాస్ గీజర్ పెడతామన్నారు. అంత చిన్న మూసిన గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. వద్దంటే వద్దన్నాను. బయట స్టవ్ మీద కాచి, బకెట్‌లో తొరుపుకుని పోసుకుంటాం.

కాగితాల విషయంలో వాళ్లు ఏ సాయమూ చెయ్యలేదు. మన చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దాని రిజిస్ట్రేషన్ దానిదే. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. "తర్వాత చూద్దాం" అనే షెడ్డు మాట నమ్మకుండా, డ్రాయింగ్ పట్టుకుని ముందే ఆర్టీవో ఆఫీసుకి పోయి అడగండి.

మొదటి ప్రయాణం గండికోటకి. బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా. నడుస్తున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ ఉండకూడదు, అమ్మ కారులోనే కూర్చుంది. కదిరి దాటాక ఒక చింతచెట్టు కింద ఆపాం. అమ్మ లోపలికి వెళ్లి, గడియ పెట్టుకుని, తీరిగ్గా బయటికొచ్చింది. చేతులు కడుక్కుని, "ఆ నీళ్ల సీసా ఇటియ్యమ్మా" అంది. అర లీటరు ఆపకుండా తాగింది.

గండికోటలో నేనూ అమ్మా లోపల, మా ఆయన పక్కనే గుడారంలో. రాత్రి ఒక సమస్య వచ్చింది. దారి కుదుపులకి డ్రైన్ ట్రాప్‌లో (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టం) నీళ్లు చిందిపోయి వాసన పైకొచ్చింది. ఇప్పుడు రబ్బరు బిరడా పెడుతున్నాం. ఇంకోటి, ట్రైలర్ కొంచెం ముందుకి వాలినా స్నానం నీళ్లు డ్రైన్‌కి పోకుండా తలుపు మూలకి చేరతాయి. ఫైబర్ పళ్లెంలో వాలు ఇంకాస్త ఎక్కువ ఇవ్వాల్సింది. అందుకే ఎక్కడ నిలిపినా మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూస్తున్నాం.

మళ్లీ ఇదే షెడ్డుకి ఇస్తానా అంటే ఇస్తాను, ఫైబర్ పని, వెల్డింగ్ కోసం. కానీ ప్రతి షీటు మందం ఒప్పందంలో రాయించి, సగం పని అయ్యాక ఒకసారి కాటాకి తీసుకెళ్లి, ఆ చీటీ చూశాకే రెండో విడత డబ్బులిస్తాను. పైన గాలి తిరిగే ఫ్యాన్ ఇంకా బిగించలేదు. వచ్చే శనివారం రమ్మన్నారు, బిగించాక ఇక్కడే రాస్తాను.