ఆషాఢంలో మా బ్యాండువాళ్ళం విన్న 'కైండ్ ఆఫ్ బ్లూ'

నల్లగొండలో పెండ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించబట్టి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలు ఉండవు. వాయిద్యాలు తుడిచి, గుడ్డలో చుట్టి పైన పెట్టేస్తాం. ఆ నెల రోజులూ సాక్సోఫోన్ వాయించే మా బావ, డ్రమ్ము వాయించే తమ్ముడు, నేను మా ముందు గదిలో కూర్చుని జాజ్ అనే అమెరికా సంగీతం వింటాం. ఎవరికి నచ్చిన ఆల్బమ్ వాళ్ళు తెచ్చి మిగతా ఇద్దరికీ వినిపించాలి, అదీ మా లెక్క. ఈ ఏడు నేను తెచ్చింది అమెరికా ట్రంపెట్ వాయిద్యగాడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఎల్పీ రికార్డు.

ధర మూడు వేలు దాటింది. మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన కాపీ వంకర తిరిగి వచ్చింది, సూది ప్రతి చుట్టుకూ లేచి పడేది. దాన్ని వాపసు ఇవ్వడానికి పదిహేను రోజుల టెన్షన్. రెండోది హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్ళి, కవరులోంచి తీయించి చూసుకుని కొన్నాను. ఎల్పీ కొనేవాళ్ళు రికార్డును కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు చూడండి. ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు. ఇంటికి తెచ్చాక పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి.

మొత్తం ఐదు పాటలు, ముప్పావుగంట. 1959లో న్యూయార్క్‌లో, అంతకుముందు చర్చిగా ఉన్న స్టూడియోలో, మార్చి 2న మూడు, ఏప్రిల్ 22న రెండు రికార్డు చేశారు. మైల్స్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్ టెనర్ సాక్సోఫోన్, కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో సాక్సోఫోన్, పాల్ చాంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్. పియానో బిల్ ఎవాన్స్, ఒక్క 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'కు మాత్రం వింటన్ కెల్లీ.

మొదటి పాట 'సో వాట్'లో బేస్ ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు రెండే రెండు స్వరాలతో జవాబిస్తారు. తమ్ముడు వినగానే "అన్నా, ఇది ఒగ్గుకథ లెక్కనే ఉంది" అన్నాడు. నిజమే, కథకుడు అన్నదానికి పక్కవాళ్ళు వంత అందుకున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత పాటంతా ఒక్క స్వరాల వరుస మీదే నడుస్తుంది. వాళ్ళు దాన్ని డోరియన్ అంటారు. మా నాయన గుళ్ళో సన్నాయి వాయించేవాడు, ఆయన నాకు మొట్టమొదట వేళ్ళు పట్టించి నేర్పిన ఖరహరప్రియకూ ఇవే మెట్లు. గమకాలు ఉండవు, రాగం అనలేం, కానీ మెట్లు అవే. పదహారు బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) ఆ వరుస, తర్వాత ఎనిమిది బార్లు అదే వరుస అర మెట్టు పైన, మళ్ళీ ఎనిమిది బార్లు మొదటి చోటికి. ఇంతే సరుకు. ఇంత కొంచెంతో తొమ్మిది నిమిషాలు ఎక్కడా విసుగు పుట్టకుండా వాయించారు. మైల్స్ సోలో మొదలయ్యే చోట జిమ్మీ కాబ్ సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బ మోత మెల్లగా ఆరిపోయేదాకా వినడానికి మా తమ్ముడు సూదిని నాలుగుసార్లు వెనక్కి పెట్టించాడు.

నా ప్రాణం మాత్రం 'బ్లూ ఇన్ గ్రీన్' మీద ఉంది. ట్రంపెట్ మూతికి హార్మన్ మ్యూట్ అనే అల్యూమినియం బిరడా పెట్టి, మైకు దగ్గరగా నిలబడి వాయించాడు మైల్స్. మాకు ఊరేగింపులో డీజే బాక్సుల మీదుగా వినబడాలి, అందుకని రొమ్ము నొప్పి పుట్టేలా ఊదుతాం. ఇరవై ఆరేళ్ళు గట్టిగా ఊదడమే పనితనం అనుకున్నాను. ఈ మనిషి ఒక స్వరం పెట్టి ఆగుతాడు. తర్వాతి స్వరం ఎక్కడ పడుతుందా అని మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఆ ఆగడం నేర్చుకోవడానికే నేను ఈ రికార్డు కొన్నాననుకుంటున్నాను.

వాయిద్యం పట్టుకునేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. మా బావ దగ్గర 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత సీడీ ఉంది. దాంతో కలిపి వాయించబోతే శ్రుతి కలవలేదు. శ్రుతి సరిచేసే గొట్టం, అదే ట్యూనింగ్ స్లైడ్, లోపలికి నెట్టినా నా ట్రంపెట్ కిందనే ఉండిపోయింది. కారణం తర్వాత తెలిసింది. మార్చి 2న ఒక టేపు మిషన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు వేగంతో వాయిస్తే శ్రుతి పెరుగుతుంది. రికార్డు మొదటి పక్కలోని మూడు పాటలూ ఏళ్ళ తరబడి ఆ టేపు నుంచే వచ్చాయి. అదే రోజు పక్కన తిరిగిన ఇంకో మిషన్ టేపు తీసి 1992లో సరిచేశారు. పాత ప్రింటు చవకగా దొరికినా, కలిపి వాయించాలనుకుంటే సరిచేసినదే తీసుకోండి. ఊరికే వినడానికైతే ఏదైనా ఒకటే.

మా బావ తెచ్చింది కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. 1964 డిసెంబర్‌లో రికార్డు చేసింది, నాలుగు భాగాలు. మొదటి భాగం చివర ఆల్బమ్ పేరునే భజనలా మళ్ళీ మళ్ళీ అంటారు. చివరి భాగంలో తాను రాసుకున్న ప్రార్థనను ఒక్కో మాటా సాక్సోఫోన్ మీద పలికించాడు. ఆ ప్రార్థన కవరు మీద అచ్చయి ఉంటుంది. బావకు ఇంగ్లీషు చదవడం కష్టం, మా అమ్మాయి ఒక్కో పంక్తి మీద వేలు పెట్టి చెబుతుంటే విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. గొప్ప ఆల్బమ్. కానీ జాజ్ కొత్తగా వినేవాళ్ళు దీంతో మొదలుపెట్టవద్దు. మూడో భాగంలో ఊపిరి ఆడదు.

తమ్ముడిది డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్'. అందులో 'టేక్ ఫైవ్' పాట ఐదు దెబ్బల నడక, తకిట తక, తకిట తక. తీన్‌మార్ కొట్టే చేతులకు ఐదు అలవాటు కావడానికి వాడికి వారం పట్టింది. ఇదీ 1959లోనే, 'కైండ్ ఆఫ్ బ్లూ' చేసిన స్టూడియోలోనే రికార్డయింది. మిగతా పాటల్లో లెక్క ఎక్కువ, మనసు తక్కువ అని నాకనిపించింది. తమ్ముడు ఒప్పుకోడు.

బ్యాండువాళ్ళు ఎవరైనా అడిగితే ఇంకొకటి చెబుతాను, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో వాయించిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. మొదట్లో ఒంటరిగా ట్రంపెట్ పదిహేను సెకన్లలోపు చెప్పేదంతా చెప్పేస్తుంది. ఆయనది న్యూ ఆర్లీన్స్. అక్కడ శవయాత్రకు బ్రాస్ బ్యాండు పోతుంది, పోయేటప్పుడు నెమ్మది పాటలు, తిరుగు దారిలో హుషారు పాటలు. మేమూ పెండ్లిళ్ళకు పోయిన చేతులతోనే సావులకు పోతాం. అది తెలిశాక ఆయన నాకు ఎక్కడో అమెరికావాడిలా అనిపించలేదు.

మళ్ళీ నా రికార్డు సంగతి. మూడు వేలు మాలాంటివాళ్ళకు చిన్న సొమ్ము కాదు. ఫోన్లో ముందు విని, 'బ్లూ ఇన్ గ్రీన్' రెండోసారి వినాలనిపిస్తేనే కొనండి. నేను హార్మన్ మ్యూట్ కూడా ఒకటి తెప్పించుకున్నాను. శ్రావణంలో మొదటి పెండ్లి మిర్యాలగూడలో ఉంది. అప్పగింతలప్పుడు డ్రమ్ములు ఆపించి, మ్యూట్ పెట్టి ఒక్కడినే వాయిస్తానని పెండ్లివారిని ముందే అడిగాను. సరేనన్నారు.