సూర్య–భూమి–చంద్ర నమూనా: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే నేను ఈ నమూనాను 2017లో సొంత డబ్బుతో కొన్నాను. మధ్యలో సూర్యుడిగా ఒక బల్బు, కొంత ఎడంగా 10 సెంటీమీటర్ల గ్లోబు, దాని చుట్టూ 18 సెంటీమీటర్ల కడ్డీ చివర తిరిగే తెల్లని చంద్రుడి బంతి ఉంటాయి. ప్లాస్టిక్ పళ్లచక్రం మూడో ఏటికే అరిగిపోయింది. అప్పటి నుంచి చంద్రుణ్ణి చేత్తోనే తిప్పుతున్నాను, పాఠానికి దానివల్ల లోటేమీ రాలేదు. నా అసలు ఫిర్యాదు వేరు.

గది చీకటి చేసి బంతిని పౌర్ణమి స్థానానికి తెచ్చిన ప్రతిసారీ అది గ్లోబు నీడలో మునిగిపోతుంది. నిండుగా వెలగవలసిన చోటే నల్లబడుతుంది. మొదటి రెండేళ్లు దాన్ని గ్రహణమని చెప్పి నేను ముందుకు సాగిపోయాను. పరీక్షలో చాలామంది ‘భూమి నీడ పడడం వల్ల చంద్రుడు రోజురోజుకూ తరుగుతాడు’ అని రాశారు. వాళ్లను తప్పుపట్టలేను, కళ్లెదుట నేను చూపించిందే రాశారు.

తప్పంతా కొలతల్లో ఉంది. గ్లోబు 10 సెంటీమీటర్లయితే చంద్రుడు 2.7 సెంటీమీటర్లు ఉండాలి, ఎడం మాత్రం 3 మీటర్లు ఉండాలి. అంత దూరంలో భూమి ప్రచ్ఛాయ (సూర్యకాంతి నేరుగా పడని నడిమి చిక్కటి నీడ) వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లే. చంద్రకక్ష్య దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి పౌర్ణమినాడు చంద్రుడు ఆ నీడ నడిబొడ్డుకు 27 సెంటీమీటర్ల దాకా పైనుంచో కిందనుంచో దాటిపోవచ్చు. వరండాలో తాడు పరిచి, స్కేలు నిలబెట్టి ఇది కొలిపించాకే ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు పట్టదో పిల్లలకు అర్థమైంది.

తర్వాత కడ్డీ తీసేసి, ఇనుప తీగను వలయంగా వంచి గ్లోబు చుట్టూ వాల్చి బిగించాను. బల్బు దగ్గరగా ఉండడంతో నీడ పెద్దది, 5 డిగ్రీల వాలు చాలదు. అందుకే 35 డిగ్రీలు పెట్టి, ఇది పెంచి చూపిస్తున్నదని ముందే చెబుతాను. బంతి బల్బు మట్టాన్ని దాటి పైకెక్కే చోట రాహువు అనీ, కిందికి దిగే చోట కేతువు అనీ కాగితం ముక్కలు అంటించాను. మన పంచాంగాలు ఆ పేర్లతో చెప్పేది ఈ రెండు బిందువుల గురించే. వలయం వాలు ఎప్పుడూ ఒకే గోడవైపు ఉండేలా చూస్తూ గ్లోబును బల్బు చుట్టూ తిప్పితే, ఆ బిందువులు దాదాపు ఆరు నెలలకొకసారి బల్బుకు సూటిగా వస్తాయి. గ్రహణాలు పట్టేది ఆ రోజుల్లోనే.

చంద్రకళల పాఠానికి నేను నమూనాను ముట్టుకోను, బంతిని ఒక్కదాన్నే ఊడదీస్తాను. శుద్ధ అష్టమినాడు సాయంత్రం నాలుగింటికి ఆరుబయట, ఆకాశంలోని చంద్రుడి పక్కన కనిపించేలా బంతిని ఎత్తి పట్టుకోమంటాను. ఎండ బంతి మీద సగం పడుతుంది, పైన చంద్రుడు కూడా అచ్చంగా అదే సగం వెలుగుతూ ఉంటాడు. అక్కడ భూమి నీడ ఊసే లేదు. ఈ సాధనం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ చిన్న బంతే. కొనదలచిన ఉపాధ్యాయులు బంతి ఊడివచ్చే రకాన్నే ఎంచుకోండి.

2025 సెప్టెంబరు 7న, భాద్రపద పౌర్ణమి రాత్రి, సంపూర్ణ గ్రహణం 82 నిమిషాలు సాగింది. మర్నాడు తరగతిలో ఒక అమ్మాయి, ‘‘సార్, నీడ అంచు మన గ్లోబు నీడలాగే వంపుగా ఉంది, కానీ చంద్రుడు నల్లబడలేదు, ఎర్రబడ్డాడు’’ అంది. భూమి వాతావరణంలో వంగి వచ్చే ఎర్రని వెలుగును చూపించే ఏర్పాటు ఈ నమూనాలో లేదు. గ్లోబు చుట్టూ ఎర్రని పారదర్శక కాగితం అంటించి ప్రయత్నించాను గానీ బంతి మీద రంగు సరిగా పడలేదు. ప్రస్తుతానికి దాన్ని బోర్డు మీద బొమ్మ గీసే చెబుతున్నాను.