లేతు షాపులో డిజిటల్ వర్నియర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యల గుంటలు ఉన్నన్నాళ్లూ మా లేతు షాపుకు ఏరేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం) షాఫ్టులు వస్తూనే ఉంటాయి. అవి కాక బోరు మోటారు బుష్‌లు (షాఫ్టు తిరిగే గొట్టపు ముక్కలు), ట్రాక్టరు పిన్నులు. అన్నీ గుండ్రటి సరుకే. అందుకే ఆన్‌లైన్‌లో కొన్న 150 మి.మీ. డిజిటల్ వర్నియర్ (రెండు దవడల మధ్య పట్టి వ్యాసం, మందం అంకెల్లో చూపే పరికరం) రోజంతా చేతిలోనే ఉంటుంది.

నాకు బాగా పనికొచ్చింది జీరో బటన్. కొత్త షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోట దవడలు బిగించి జీరో నొక్కుతాను. తర్వాత రైతు తెచ్చిన పాత షాఫ్టుకు అదే చోట పెడితే ఎంత అరిగిందో నేరుగా మైనస్‌లో పడుతుంది. "బేరింగ్ మార్చెయ్యన్నా, షాఫ్ట్ బాగానే ఉంది" అని వచ్చిన మనిషి మైనస్ 0.18 చూశాక ఇక బేరం మాటే మాట్లాడడు. పాత వర్నియర్‌లో ఏ గీత ఏ గీతతో కలిసిందో వెలుతురుకు పట్టి చూపించి ఒప్పించడం నా వల్ల కాలేదు.

అయితే స్క్రీన్ మీద 0.01 వరకు కనబడుతోంది కదా అని అంతా నమ్మకూడదు. ఈ తరహా వర్నియర్లలో 0.02, 0.03 తేడా మామూలే. ఏ బేరింగో తేల్చడానికి అది చాలు: లోపల 25, బయట 52, మందం 15 మి.మీ. వస్తే అది 6205 నంబరు బేరింగ్. కానీ షాఫ్టు మీద బేరింగ్ బిగువుగా కూర్చోవాలంటే లెక్క మైక్రాన్లలో (మి.మీ.లో వెయ్యో వంతు) ఉంటుంది, అక్కడ మర తిప్పి ఇంకా సన్నగా కొలిచే మైక్రోమీటరే దిక్కు. 25 షాఫ్టే కదా అని 0–25 మైక్రోమీటర్ కొనకండి. బిగువు కోసం 25 కంటే పిసరంత ఎక్కువే ఉంచుతాం, కాబట్టి 25–50 కావాలి. టర్నింగ్ (లేతు మీద చెక్కడం) అయిన వెంటనే వేడి మీద కొలిచినా మోసమే. 50 మి.మీ. ఉక్కు షాఫ్టు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.02 మి.మీ. ఉబ్బుతుంది.

బుష్‌లకు ఒక్క కొలత చాలదు. బరువు పడే వైపే అరిగి కోడిగుడ్డులా సాగుతాయి, అందుకని అడ్డంగా, నిలువుగా రెండు వైపులా చూడాలి. చిన్న రంధ్రాలకైతే లోపలి దవడలు అసలు కంటే కొంచెం తక్కువే చూపిస్తాయి, వాటి అంచు కత్తిలా ఉండదు కాబట్టి.

పైపుల దగ్గర దీన్ని పక్కన పెట్టేస్తాను. దవడ లోతు 40 మి.మీ.లే, అంటే 80 దాటిన పైపును పక్కనుంచి పట్టుకోలేదు. టేపు చుట్టి, వచ్చినదాన్ని 3.1416తో భాగిస్తే సరిపోతుంది. నాలుగంగుళాలని అమ్మే పీవీసీ పైపు బయటి వ్యాసం 110 మి.మీ., చుట్టుకొలత 345 పైచిలుకు రావాలి. చుట్టుకొలతలో ఒక మి.మీ. అటూఇటూ అయినా వ్యాసంలో పడేది మూడో వంతే.

ఇక తలనొప్పి సంగతులు. ఆఫ్ చేసినా బ్యాటరీ తింటూనే ఉంటుంది. ఎల్ఆర్44 బటన్ బ్యాటరీ బదులు ఎస్ఆర్44 వేస్తే ధర ఎక్కువైనా వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉంటుంది. దానికంటే పెద్ద బెడద ఉప్పునీటి తడి. గుంటలోంచి తీసి నేరుగా తెచ్చిన షాఫ్టును తుడవకుండా కొలిస్తే ఆ తడి స్కేలు మీదికి చేరుతుంది, అంకెలు ఇష్టమొచ్చినట్టు గెంతుతాయి. పొడిబట్టతో తుడిచి, స్పిరిట్ రాసి ఆరబెడితే మళ్లీ దారికొస్తుంది. స్టెయిన్‌లెస్ అని రాసినా దవడల మూల సన్నగా మచ్చలు పడ్డాయి.

పొద్దున్నే దవడలు మూసి సున్నా చూసుకున్నాక, డబ్బాలోంచి కొత్త 6205 తీసి బయట 52, లోపల 25 వస్తున్నాయో లేదో చూస్తాను. మంచి కంపెనీ బేరింగ్ అయితే తేడా ఒక సెంటు కంటే పెద్దగా ఉండదు, అంటే 0.01. వేరే గేజ్ కొనే పని లేదు.

ఇది పాడైతే ఈసారి నీళ్లకు తట్టుకునే ఐపీ67 రకమే కొంటాను, ధర ఎన్నో రెట్లయినా సరే. గుంటల పని లేని షాపులకు మాత్రం ఆ ఖర్చు దండగ.