వయసు రాసుకోవడం: ఆధార్ చూసా, అడిగి లెక్కగట్టా?

రెండు దేశాల ఆరోగ్య సర్వేలను పక్కపక్కన పెట్టినప్పుడు ముందుగా తేడా కొట్టేది వయసు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దాన్ని రాసుకునే దారులు రెండు.

ఆధార్ చూస్తే నిమిషంలో పని అయిపోతుంది. కానీ నమోదు నాడు కాగితం లేని పెద్దవాళ్లు నోటిమాటగా చెప్పిందే చాలా కార్డుల్లోకి ఎక్కింది. తేదీ తెలియని చోట జనవరి 1 అని వేశారు, ఆ పుట్టినరోజులు అంత కుప్పగా కనిపించేది అందుకే. చదువుకున్నవాళ్లకు పదో తరగతి మెమో ఇంకా నయం.

అడిగితే టైం పడుతుంది. "అవ్వా, వయసెంత?" అంటే "అరవై ఉంటయేమో బిడ్డా" అంటుంది. అక్కడే ఆగితే 0, 5తో ముగిసే వయసులే పోగవుతాయి. విప్పుల్ సూచీ ఈ పోగునే కొలుస్తుంది: 100 అంటే పోగు లేదు, 500 అంటే అన్నీ అవే అంకెలు. కాబట్టి గుర్తులు పట్టుకోవాలి: "సాగర్ కాలువలకు నీళ్లిడిసిన నాటికి (1967) నీకు పెండ్లయిందా? ఎన్టీఆర్ గెలిచిన ఏడు (1983) పెద్దబిడ్డ ఎంతుండె?" ఒక్క గుర్తుతో సరిపెడితే ఏండ్లు అటూఇటూ జారతాయి, రెండు కలవాలి.

మా మాటైతే, నలభై లోపు వాళ్లకు కాగితం, పైవాళ్లకు గుర్తులు. ఏ దారిన రాశారో ఫారంలో వేరే గడిలో తప్పక వేయండి, లేకపోతే 45–49 ఏండ్ల వర్గంలోకి ఎవరొచ్చారో తర్వాత తేలదు.