న్యూ ఆర్డర్ ‘బ్లూ మండే’ రీమాస్టర్ రికార్డు: విజయవాడలో కొనదలచినవారికి

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన న్యూ ఆర్డర్ సంగీత బృందం 1983 మార్చిలో విడుదల చేసిన ‘బ్లూ మండే’ పాటను 2020లో రీమాస్టర్ చేసి, అంటే పాత రికార్డింగుకు ధ్వనిని మెరుగుపరిచి, తిరిగి పన్నెండు అంగుళాల వినైల్ రికార్డుగా తీసుకువచ్చారు. ఫోనులో ఊరికే వినగలిగే పాట కోసం, అటొకటి ఇటొకటి రెండే ట్రాకులున్న రికార్డు ఎందుకు కొనాలని ఇంట్లోవాళ్లు అడిగితే అది సబబైన ప్రశ్నే. నా జవాబు ఒక్కటే: ఇది ఆ సైజు రికార్డు కోసమే పుట్టిన పాట. దాదాపు ఏడున్నర నిమిషాల పాటను ఏడంగుళాల రికార్డులో ఇరికిస్తే సూది నడిచే గాడులు సన్నబడి, వాటితో పాటు బేస్ (మంద్రస్థాయి ధ్వని) కూడా చిక్కిపోతుంది. పన్నెండు అంగుళాలలో గాడికి చోటు ఎక్కువ కాబట్టి మంద్రస్థాయి శబ్దాలను తగ్గించకుండా చెక్కవచ్చు.

ఆ తేడా మొదటి కొన్ని సెకన్లలోనే తెలుస్తుంది. ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషీన్ మీద వాయించిన కిక్ (పెద్ద డ్రమ్ము) దెబ్బలు ఫోను స్పీకరులో టకటకమని మాత్రమే వినిపిస్తాయి. ఈ రికార్డులో ప్రతి దెబ్బకూ బరువు ఉంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం స్పష్టంగా ఉంది. మూగ్ సోర్స్ అనే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) బేస్, బృంద సభ్యుడు పీటర్ హుక్ బేస్ గిటారు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా దేని దారిన అది నడుస్తాయి. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1975 నాటి పాట నుంచి తీసుకున్న బృందగానం ధ్వని వెనుక నుంచి లేచి వచ్చే చోట రీమాస్టర్ చేసినవారి పనితనం బాగా కనిపిస్తుంది. బృంద సభ్యురాలు జిలియన్ గిల్బర్ట్ సీక్వెన్సర్‌లో (స్వరాల వరుసను దాచుకుని తనే వాయించే యంత్రంలో) స్వరాలు ఎక్కించేటప్పుడు ఒకటి పొరపాటున జారిపోవడం వల్ల సింథ్ వరుస తాళానికి కాస్త పక్కకు నడుస్తుందని చెబుతారు. ఆ వంకరను సరిచేయకుండా వదిలిపెట్టడం మంచి నిర్ణయం. సరిచేసి ఉంటే పాట అందం సగం పోయేది. నా చెవికి నచ్చనిది హైహ్యాట్ (తాళాల వంటి పళ్లేల చప్పుడు) ఒక్కటే, వాల్యూమ్ పెంచినప్పుడు అది కొంచెం గుచ్చుతుంది.

పీటర్ సావిల్ రూపొందించిన అట్ట గురించి చెప్పకుండా ఉండలేము. అది 5.25 అంగుళాల ఫ్లాపీ డిస్క్ రూపం. తొంభైలలో కంప్యూటర్ సెంటర్లకు వెళ్లిన బెజవాడవాళ్లు చూడగానే గుర్తుపడతారు. పాట పేరు, బృందం పేరు అక్షరాలలో కాక అంచున ఉన్న రంగుల గళ్లలో దాచారు. వాటిని చదివే సూత్రం అదే ఏడాది వచ్చిన వారి ఆల్బమ్ వెనుక అట్ట మీద ఉంటుంది. రంధ్రాలు కోసిన ఆనాటి అట్టకు ఖర్చు ఎక్కువై, అమ్మిన ప్రతి కాపీకీ దాన్ని విడుదల చేసిన సంస్థ ఫ్యాక్టరీ రికార్డ్స్ నష్టపోయిందన్న కథ ప్రసిద్ధమే కానీ, ఎంత నష్టమన్నది చెప్పేవారిని బట్టి మారుతూ ఉంటుంది.

రెండో వైపున్న ‘ది బీచ్’ ఇదే పాటను విడదీసి, గొంతు దాదాపు లేకుండా మళ్లీ అల్లిన రూపం. స్పీకర్లు పరీక్షించడానికి బాగుంటుంది, పదేపదే వినాలనిపించదు.

విజయవాడలో ఇలాంటి రికార్డులు అమ్మే దుకాణం నాకు తారసపడలేదు కాబట్టి ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆర్డరు పెట్టవద్దు. మన ఎండలో మూసిన డెలివరీ వ్యాను లోపలి వేడికి వినైల్ మెత్తబడి వంగిపోయే ప్రమాదం ఉంది, వంగిన రికార్డు మీద సూది ఎగిరిపడుతుంది. వానలు మొదలయ్యాక తెప్పించుకుని, ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా, పడమటి గోడకు దూరంగా పెట్టుకోవాలి. స్పీకర్లు లోపలే ఉండే సూట్‌కేసు తరహా ప్లేయరు మాత్రమే ఉన్నవారు ముందు ఆ డబ్బును మంచి స్పీకర్ల మీద పెట్టడం మేలు, ఎందుకంటే ఈ రికార్డులో ప్రత్యేకంగా ఉన్న బేస్‌ను ఆ చిన్న పెట్టె వినిపించలేదు.