కుర్ర వయసులో క్యాన్సర్: తోడుకు గ్రూప్ మేలా, వాట్సాప్ మేలా, ఒక్క మనిషి మేలా?

నాకు 24వ ఏట హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. పదిహేను రోజులకొకటి చొప్పున 12 కీమోలు. ఆ ఆరు నెలల్లో తోడు కోసం మూడు చోట్ల వెతికాను. ఇప్పుడు అదే వెతుకులాటలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఏది ఎంతవరకు పనికొస్తుందో చెబుతాను.

మొదట ఆసుపత్రిలో నెలకోసారి జరిగే సపోర్ట్ గ్రూప్‌కి వెళ్లాను. అందరూ అమ్మ వయసువాళ్లే. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "నీకేంటి నాన్నా ఈ వయసులో" అని ఏడ్చేసింది. చివరికి నేనే ఆవిడను ఓదార్చాల్సి వచ్చింది. ఆ ప్రేమకు వంక పెట్టలేను. ఆరోగ్యశ్రీ కాగితాలు, నోటిపూత వచ్చినప్పుడు ఏం తినాలి, ఇలాంటివి వాళ్లను అడిగే తెలుసుకోవాలి. కానీ నాకు పిల్లలు పుడతారా, సంబంధం వస్తే ఈ సంగతి ఎప్పుడు చెప్పాలి, ఇంటర్వ్యూలో ఏడాది గ్యాప్ గురించి అడిగితే ఏమనాలి? వీటి గురించి ఆ గదిలో నోరు తెరవలేకపోయాను. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 15 నుంచి 39 ఏళ్ల పేషెంట్లను ప్రత్యేకంగా చూస్తుంది. మన అవసరాలు నిజంగానే వేరు.

వాట్సాప్ గ్రూప్‌కి వేళాపాళా లేదు. స్టెరాయిడ్ పడ్డ రాత్రి నిద్ర పట్టక మెసేజ్ పెడితే రెండింటికి కూడా ఎవరో ఒకరు పలికేవాళ్లు. పెద్దాసుపత్రికి దూరంగా ఊళ్లో ఉండేవాళ్లకు ఇదే గతి. అయితే లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగితే కీమో అక్కర్లేదనే ఫార్వర్డులూ అక్కడే వస్తాయి. నిన్నటిదాకా మాట్లాడిన కుర్రాడి ఫొటో కింద ఒక ఉదయం వరసగా 'ఓం శాంతి'లు చూశాక నేను నోటిఫికేషన్లు ఆపేశాను.

ఇక మూడోది, వెతక్కుండానే దొరికింది. నా మొదటి కీమో రోజున పక్క కుర్చీలో నాకంటే రెండేళ్లు పెద్దవాడు, నా జబ్బే, అతనికి పదో కీమో. నాకు ఎర్ర మందు ఎక్కుతుంటే చూసి, "యూరిన్ ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని భయపడకు బ్రో" అన్నాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, "స్పెర్మ్ ఫ్రీజింగ్ చేయించుకున్నావా?" అని అడిగాడు. కీమో వల్ల పిల్లలు పుట్టకుండా పోయే ముప్పు ఉంటుందని ముందే వీర్యాన్ని దాచిపెట్టించుకోవడమట. ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. డ్రిప్ అప్పటికే సగం అయిపోయింది. నాకిచ్చే మందులతో ఆ ముప్పు తక్కువేనని తర్వాత డాక్టర్ చెప్పారు. అయినా అది ముందే, నిర్ణయం నా చేతిలో ఉన్నప్పుడే తెలియాల్సింది.

అందుకే నా ఓటు ఈ ఒక్క మనిషికే. అదీ కీమో మొదలవకముందే వెతకండి. ఆసుపత్రివాళ్లు ఇంకొకరి నంబరు ఇవ్వరు కాబట్టి మీ నంబరే సోషల్ వర్కర్‌కి ఇచ్చి, "నా వయసువాళ్లు, ఈ జబ్బు తగ్గినవాళ్లు ఉంటే ఫోన్ చేయమనండి" అని అడగండి. చిన్నప్పుడే క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లయితే, ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కింద ముంబైలో మొదలైన ఉగమ్ అనే బృందాన్ని పలకరించవచ్చు.

ఒక్కరి మీదే ఆనుకోవడంలో కష్టమూ ఉంది. అతని స్కాన్ రోజున నాకూ అన్నం దిగేది కాదు. అందుకని వాట్సాప్‌ను పూర్తిగా వదలకండి, మ్యూట్‌లో పెట్టుకుని అవసరమైనప్పుడు తెరవండి.

నేను మానేసిన ఆ నెలవారీ గ్రూప్‌కి అమ్మ వెళ్లింది. నా ముందు ఎప్పుడూ కన్నీరు పెట్టని మనిషి, అక్కడ కూర్చుని తనివితీరా ఏడ్చేదట.