పదకొండేళ్లుగా వెల్ష్ కాబ్‌తో: మా సెరెన్ గురించి

మా సెరెన్ వెల్ష్ కాబ్ అనే గుర్రం, వేల్స్‌కి చెందిన గట్టి కట్టు జాతి. దానికి ఇప్పుడు 17 ఏళ్లు. ఆరేళ్ల వయసులో మా దగ్గరికి వచ్చింది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, నల్లటి జూలు, నుదుటి మీద తెల్లటి చుక్క. సెరెన్ అంటే వెల్ష్ భాషలో నక్షత్రం. నేను బ్రిటన్‌లో, వేల్స్‌లోని కార్మార్థెన్‌షైర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడికి రాకముందు నాకు గుర్రం అంటే తెనాలిలో చిన్నప్పుడు చూసిన జట్కా గుర్రమే. డొక్కలు ఎండి, తల వంచుకుని నిలబడేది. అందుకే ఇక్కడ కొండ మీద గాలికి జూలు ఎగరేసుకుంటూ పరుగెత్తే గుర్రాలను మొదటిసారి చూసినప్పుడు కారు పక్కకు ఆపేసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

మా అమ్మాయి కోసం ముందు ఒక చిన్న పోనీని, అంటే పొట్టి జాతి గుర్రాన్ని తీసుకున్నాం. దాని పేరు పిప్, బూడిద రంగు. రెండేళ్ల తర్వాత నా కోసం సెరెన్. ఒకటి సెక్షన్ ఎ, ఇంకొకటి సెక్షన్ డి. కొనాలనుకునేవాళ్లు మొదట తికమకపడేది ఈ సెక్షన్ల దగ్గరే. ఈ గుర్రాల వంశావళిని నమోదు చేసే వెల్ష్ పోనీ అండ్ కాబ్ సొసైటీ 1901లో మొదలైంది. దాని పుస్తకంలో వీటిని నాలుగు భాగాలు చేశారు. ఎ అంటే కొండ పోనీ, 12 హ్యాండ్లు దాటకూడదు. బి కొంచెం పొడవు, 13.2 వరకు, పిల్లల స్వారీకి బాగా సరిపోయే నాజూకు రకం. సి కూడా 13.2 లోపే, కానీ కాబ్ లాగా గట్టి కట్టు. ఆ ఎత్తు దాటిన కాబ్ డి కిందికి వస్తుంది, దానికి పై హద్దు లేదు. హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, కొలిచేది మూపు దగ్గర. 13.2లో ఆ 2 దశాంశం కాదు, 13 హ్యాండ్ల 2 అంగుళాలని అర్థం, అంటే 137 సెంటీమీటర్లు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎత్తు మాట అలా ఉంచి స్వభావం గురించి చెప్పాలి. సెరెన్‌ని అమ్మినవాళ్లు "చాలా నెమ్మదైనది, కొత్తవాళ్లకి కూడా పర్వాలేదు" అన్నారు. మనుషుల దగ్గర నెమ్మదే, ఆ మాట నిజం. అయిదేళ్ల పిల్ల వెళ్లి కాలిని పట్టుకున్నా కదలదు. కానీ వీపు మీద ఎక్కాక దానికి పని కావాలి. మొదటి ఆరు నెలలు నాకు ఒకటే టెన్షన్. పగ్గం బిగించిన కొద్దీ ఇంకా ముందుకు తోసుకుపోయేది. నాకు స్వారీ నేర్పినావిడ అప్పుడు ఒక మాట చెప్పారు: "పట్టి ఆపకు, దానికి ఆలోచించే పని ఇవ్వు." నేల మీద కర్రలు పరిచి వాటి మధ్య నుంచి నడిపించడం, గుండ్రంగా తిప్పడం, దారి మధ్యలో ఆగి వెనక్కి నడిపించడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో దాని చెవులు నా మాట కోసం వెనక్కి తిరగడం కనిపించింది. అప్పటి నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

దాని తెలివి మీద నాకు గురి కుదిరింది ఒక నవంబరు రోజున. కొండ మీద రోజూ వెళ్లే దారే, పచ్చగా, చదునుగా ఉంది. సెరెన్ హఠాత్తుగా ఆగి ఒక్క అడుగు వెయ్యనంది. నేను మడమతో తట్టాను, బతిమాలాను, కోప్పడ్డాను. అది ముక్కు కిందికి దించి నేల వాసన చూసి పక్కకు తిరిగింది. చివరికి దిగి, చేతిలో కర్రతో ముందు పొడిచి చూస్తే సగానికి పైగా లోపలికి దిగిపోయింది. వారం రోజుల వానకి గడ్డి కింద అంతా ఊబి అయింది. మాకు పొలం అద్దెకిచ్చిన పెద్దావిడతో ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే, ఆమెకి ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు. "కొండ గుర్రానికి కాళ్లలోనే కళ్లుంటాయమ్మా" అన్నారు.

ఇక్కడి కొండవాళ్లకి అది తరాల నుంచి తెలిసిన విషయం. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధాలకి పెద్ద గుర్రాలు కావాలని, పొట్టి మగ గుర్రాలను ఉమ్మడి బీళ్లలో మేపకూడదని చట్టం చేశాడు. వేల్స్ కొండల్లోకి ఆ చట్టం ఎక్కలేకపోయింది, అక్కడి పొట్టి గుర్రాలు బతికిపోయాయి. చలికి, రాళ్లకి, చాలీచాలని గడ్డికి తట్టుకున్నవే పిల్లల్ని కన్నాయి. కాబ్‌లయితే ఊళ్లలో అన్ని పనులూ చేశాయి. పొలం పని, పాల బండి, టపా, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి తీసుకెళ్లడం, అన్నీ ఒకే గుర్రం. మంచి మగ గుర్రాన్ని ఎంచుకోవడానికి కార్డిఫ్ నగరం నుంచి డౌలైస్ ఊరికి, 35 మైళ్లని చెప్పుకునే ఎక్కుడు దారిని మూడు గంటల లోపు ట్రాట్‌లో వెళ్లగలదా అని చూసేవారట. ట్రాట్ అంటే ముందు ఒక పక్క కాలు, వెనక అవతలి పక్క కాలు జంటగా లేచే పరుగు. తెనాలి నుంచి గుంటూరు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చినంత దూరం, అదీ కొండ ఎక్కుతూ.

ఆ ట్రాట్ చూడాలంటే జులైలో వేల్స్‌లోని లాన్‌ఎల్వెడ్‌లో జరిగే రాయల్ వెల్ష్ షో అనే వ్యవసాయ ప్రదర్శనకి, కాబ్‌ల రోజున వెళ్లాలి.  కాబ్ ముందు కాలు భుజం నుంచి చాపి, వెనక కాళ్లు పొట్ట కిందికి లాక్కుంటూ వస్తుంటే గుండెలో డప్పు కొట్టినట్టుంటుంది. పక్కన పట్టుకున్న మనిషి పరుగెత్తుతుంటాడు, చుట్టూ జనం కేకలు. మేటి కాబ్‌కి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్పు 1908 నుంచి ఇస్తున్నారు. మేం వెళ్లిన ప్రతిసారీ నాకు గొంతు పోయింది.

ఇప్పుడు అసలు జాగ్రత్త చెప్పాలి. కొంచెం తిని బతికే ఈ ఒంటికి ఇక్కడి పచ్చిక బయళ్లు పెద్ద ప్రమాదం. సెరెన్ వచ్చిన మూడో ఏడు ఏప్రిల్‌లో, రాత్రి డ్యూటీ దిగి పొలానికి వెళ్తే అది ముందు కాళ్లు ముందుకి చాచి, బరువంతా వెనక్కి వేసి వణుకుతూ నిలబడి ఉంది. లామినైటిస్. గిట్ట గోడకీ లోపలి ఎముకకీ మధ్య పట్టు వాచిపోతుంది, ముదిరితే ఎముకే జారిపోతుంది. పగలు ఎండ, రాత్రి మంచు ఉన్న రోజుల్లో గడ్డిలో చక్కెర ఎక్కువవుతుంది, వీటి ఒంట్లో ఇన్సులిన్ అదుపు తప్పుతుంది. డాక్టరు ఎక్స్‌రే తీసి, నొప్పికి మందు ఇచ్చి, మెత్తటి పక్క వేయమన్నారు. గిట్టలు చల్లబరచడానికి ఐస్ బకెట్లు మోసి మోసి నా చేతులు కొంకర్లు పోయాయి. ఎముక జారలేదు గానీ మామూలు మనిషైనట్టు అనిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అప్పటి నుంచి గడ్డి కొలతే. కరెంటు తీగతో పొలాన్ని పట్టీలుగా విడగొట్టి రోజుకి కొంచెం జరుపుతాను. వసంతంలో మూతికి చిక్కం. ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పిండేసి పెడతాను, చక్కెర తగ్గుతుంది. మెడ పైభాగం గట్టిపడుతోందా అని రోజూ చేత్తో నొక్కి చూస్తాను. మా అమ్మ వచ్చినప్పుడు ఆ చిక్కం చూసి చాలా బాధపడింది. "ఏమ్మా, గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టకుండా నోరు కట్టేస్తారా?" అంది. పక్కన కూర్చోబెట్టి ఆ ఏప్రిల్ కథంతా చెప్పాను. మర్నాటి నుంచి చిక్కం కట్టే సమయానికి తనే గేటు దగ్గర నిలబడేది.

పిప్‌కి ఇంకో బాధ. వేసవి సాయంత్రాల్లో మిడ్జ్ అనే చిన్న పురుగులు కుడితే దురదతో జూలు, తోక రుద్దుకుని పుండ్లు చేసుకుంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు దానికి దోమతెర లాంటి కోటు తప్పదు. ఈ జాతిలో ఇది కొత్త సంగతేమీ కాదు, కొనేటప్పుడు మొహమాటపడకుండా అడగండి.

సెరెన్‌కి బండి కట్టడం నేర్పించింది నాలుగేళ్ల క్రితం. రెండు చక్రాల తేలిక బండి. నాన్నగారు వెనక సీట్లో కూర్చోగానే "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని తనలో తనే అనుకున్నారు. బరువు వెనక్కి పడితే బండి పైకి లేస్తుందని మా ఊరి జట్కావాళ్లు అనే మాట అది. ఊరి సందుల్లో సెరెన్ టకటకా పోతుంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, జీవితంలో ఇంత సంతోషంగా పరుగెత్తే బండి గుర్రాన్ని చూడలేదన్నారు.

వారానికి ఒకసారి, ఆదివారం మాత్రమే స్వారీ చేసేవాళ్లకి ఈ జాతిని నేను సలహా ఇవ్వను. ఖాళీగా ఉంటే లావెక్కుతుంది, విసుగెత్తితే గొళ్లెం తీయడం నేర్చుకుంటుంది. పిప్ ఇప్పటికి రెండు రకాల గొళ్లేలు తీసింది. రోజూ గంట ఇవ్వగలిగినవాళ్లకి, పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే గుర్రం ఎక్కాలనుకునే ఇంటికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. ఖర్చు కూడా పెద్ద గుర్రాల కంటే తక్కువే, గిట్టలు గట్టివి కాబట్టి పిప్‌కి ఇప్పటికీ లాడాలు కొట్టించలేదు.

కొనడానికి వెళ్తే గుర్రం పాస్‌పోర్టులో, అంటే దాని గుర్తింపు పత్రంలో సెక్షన్ చూడండి. గిట్ట మీద గీతలు మడమ వైపుకి వెడల్పు అవుతుంటే పాత లామినైటిస్ ఉండే అవకాశం ఉంది. అమ్మేవాళ్లు ముందే జీను వేసి సిద్ధంగా ఉంచితే, ఇంకోరోజు వస్తామని చెప్పి, పొలంలో వదిలి ఉన్నప్పుడు చూపించమనండి. మేం రెండోసారి వెళ్లిన రోజు సెరెన్ పొలం అవతలి చివరన మేస్తోంది. ఎవరూ పిలవలేదు. తల ఎత్తి మా వైపు చూసి, నడుచుకుంటూ గేటు దాకా వచ్చి నా కోటు జేబు వాసన చూసింది.